నిద్రలో తాగనిది

మా బాపు పూల్‌సింగ్ టార్చిలైటు చేతిలో పట్టుకుని చీకట్లో నడిచిన మనిషి. వెలిగించేవాడు కాదు. పెనుబల్లి దాటి అడవి వైపు లోపలికి తిరిగే దారిలో మా తండా. ఆ అడవిలోనే బాపు రోజుకూలీ మీద వాచర్‌గా చేరాడు. మధ్యలో కొన్నేళ్లు పర్ణశాల వైపు వేశారు. మళ్లీ ఇటే వచ్చాడు. టేకు మొక్కలకు కాపలా, గొడ్డలి చప్పుడు వినపడితే అటు పరుగు, ఎండాకాలం నిప్పు లేస్తే పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పడం. ఇదీ ఆయన పని. టార్చికి సెల్లు ఇచ్చేది ఎప్పుడో ఒకసారి. అందుకే దారి కాళ్లకు అప్పజెప్పి, టార్చిని చప్పుడు వినపడినప్పుడు మాత్రమే వెలిగించడం నేర్చుకున్నాడు.

పొద్దున ఇంటికొచ్చి చేసే మొదటి పని టార్చి విప్పి సెల్లు బయటికి తీయడం. వాటిని కడపమీద, అంటే గుమ్మం మీద, ఎండ పడేచోట, గుడ్డపీలిక మీద పక్కపక్కన పెట్టేవాడు. నేనూ తమ్ముడు సంతోషూ వాటిని ముట్టుకోకూడదు, దాటకూడదు. "మనుషుల్లెక్కనే అవి గూడ. పని చేసినంక ఎండల కూసోవాలె" అనేవాడు. మా తండాలో అందరూ చేసేదే అది. ఎండకు కాగిన సెల్లు మళ్లీ టార్చిలో వేస్తే, ఆరిపోయిందనుకున్న బుగ్గ, అంటే బల్బు, నిజంగానే కాసేపు ఎర్రగా వెలిగేది.

ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. అమ్మను యాడి అంటాం. ఇక్కడ మాత్రం అందరి మాటలూ తెలుగులోనే రాస్తున్నాను.

దగ్గు ఎప్పటి నుంచి ఉందో బాపు చెప్పలేకపోయాడు. ప్రతి ఎండాకాలం అడవిలో పొగ మింగి వచ్చి దగ్గేవాడు, వానలు పడ్డాక తగ్గేది. ఒక సంవత్సరం తగ్గలేదు. ఖమ్మం దవాఖానాలో డాక్టర్ స్కాన్ ఫిల్మ్ లైటుకు పెట్టి, ఊపిరితిత్తులు తేనెపట్టులాగా అయిపోయాయని చెప్పాడు. బాపు ఆ ఫిల్మ్ వైపు చాలాసేపు చూశాడు.

"మరి తేనె ఏడ వోయింది సార్?" అన్నాడు.

డాక్టర్ నవ్వలేదు. ఇక జీవితాంతం ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాలని, అది కూడా జబ్బును తగ్గించేది కాదని, ఉన్నన్ని రోజులు ఊపిరి ఆడటానికేనని నాతో విడిగా చెప్పాడు.

నేను ఖమ్మంలో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. ఖానాపురం హవేలిలో కిరాయి ఇల్లు. సంతోష్ కూడా నాతోనే ఉంటాడు. బాపును మిషన్‌తో సహా మా దగ్గరే పెట్టుకుందామనుకున్నాం. కొద్దిరోజులు ఉన్నాడు. కిటికీ పక్కన కూర్చుని షేర్ ఆటోల్ని చూసేవాడు. ఒకరోజు పొద్దున, "హేమా, ఈడ గాలికి వాసన లేదు. మిషన్ గాలైనా మా ఇంట్ల పీలుస్త" అన్నాడు. యాడి మిరపతోట విడిచి రానంది. చేసేది లేక మిషన్ని ఆటోలో వేసుకుని తండాకు తీసుకెళ్లాం.

మిషన్ నుంచి ముక్కుదాకా వచ్చే ట్యూబు పొడుగ్గా వేయించాం. మంచం మీద నుంచి లేచి కడపదాకా వచ్చి కూర్చునేంత పొడుగు. బాపుకు మిగిలిన ప్రపంచం అంతే.

మిషన్ కరెంటు మీద నడుస్తుంది. మా తండాకు వచ్చే కరెంటు సంగతి తండాలో ఉన్నవాళ్లకే తెలుసు. వస్తే ఒక్కోసారి బుగ్గలు మాడిపోయేంత, లేకపోతే ఫ్యాన్ తిరగనంత. ఇన్వర్టర్ పెట్టాం కానీ దాని బ్యాటరీ ఎప్పుడూ నిండేది కాదు. నిండినంతా మిషన్ కాసేపట్లోనే తాగేసేది. అందుకని పక్కన పెద్ద సిలిండర్ పెట్టాం. కరెంటు పోతే ట్యూబు సిలిండర్‌కు మార్చి తాళం తిప్పాలి. యాడి చేతికి అది అలవాటయింది. బాపు చేతుల్లో ఆ బలం లేదు. పైగా ఊపిరి తగ్గగానే ఆయనకు మొదట పోయేది తెలివి. పక్కనే ఫోన్ ఉన్నా, మత్తుగా కళ్లు మూసుకుపోయేవి.

మిరప ఏరే రోజులు. యాడి బాలి, పక్కింటి చాంది, ఇంకొందరు ఆడవాళ్లు తోటలో ఉన్నారు. యాడి మంచినీళ్ల కోసం ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. మిషన్ కూత పెడుతోంది. ఆ కూత గుమ్మం దాటి వినపడేది కాదు. బాపు పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. యాడి సిలిండర్ తిప్పి, ముఖం మీద నీళ్లు కొట్టి, మమ్మల్ని ఫోన్‌లో తిట్టింది. ఎందుకు తిడుతోందో ఆమెకూ తెలియదు.

"ఇగ నేను తోటకు పోను" అంది.

"నువ్వు పక్కన కూసుంటే నా ఊపిరి పెరుగుతదా?" వెనక నుంచి బాపు గొంతు. "మిరపకాయ రాలిపోతది. పో."

సంతోష్ ఆ రోజు అన్నం తినలేదు. వాడు డిప్లొమా చదివి, ఖమ్మంలో షాలేమ్‌రాజు అనే ఆయన షాపులో పనిచేస్తాడు. పంపుసెట్ల స్టార్టర్లలో పెట్టే బోర్డులు కాలిపోతే బాగుచేసే షాపు అది. "అక్కా, కరెంటు పోంగనే యాడి ఫోన్ మోగాలె. అంతే. ఒక చిన్న బోర్డు చేస్త" అన్నాడు.

కరెంటుకు ఆ బోర్డును కలపడానికి వాడు ఒప్పుకోలేదు. ఇంతకుముందు తండాలో రెండు మూడు ఛార్జర్లు మాడిపోయి ఉన్నాయి. కరెంటు పోయిందని చెప్పాల్సిన వస్తువు కరెంటుతోనే పోతే ఎట్లా అన్నాడు. మిషన్ మీద ఒక పచ్చలైటు ఉంటుంది. దానికి ఎదురుగా ఒక చిన్న కన్ను పెడతాడు. లైటు ఆరితే ఆ కన్ను చూసి, బోర్డులో ఉన్న మైక్రోకంట్రోలర్‌ని, అంటే బుర్రలాంటి చిప్పును, నిద్రలేపుతుంది. అది సిమ్‌కార్డు ఉన్న భాగాన్ని లేపి యాడికి ఫోన్ చేయిస్తుంది, సంతోష్‌కు మెసేజ్ పంపుతుంది. ఇదంతా ఒక్క సెల్లు మీద నడవాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉండే లావుపాటి సెల్లు అది. చూడటానికి టార్చి సెల్లులాగే ఉంటుంది.

గీయడం మొదలుపెట్టాక పని ఒకచోట ఆగింది. సెల్లు నిండుగా ఉన్నప్పుడు ఎక్కువ ఇస్తుంది, తగ్గేకొద్దీ తక్కువ ఇస్తుంది. ఆ చిప్పుకేమో ఎప్పుడూ ఒకే తీరుగా కావాలి. మధ్యలో కూర్చుని సర్దిచెప్పే ముక్క పేరు రెగ్యులేటర్. ఏ రెగ్యులేటర్ పెట్టాలనేది తేలితే తప్ప బోర్డు బొమ్మ పూర్తికాదు. బొమ్మ ఒకసారి తయారీకి పంపాక మార్చలేం. రాగి గీతలన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

షాపులో డబ్బాల కొద్దీ ఉన్న మామూలు రకాన్ని వాడు మొదటే పక్కన పెట్టాడు. అది ఖాళీగా ఉన్నప్పుడు కూడా సెల్లును తాగుతూనే ఉంటుందట. మిగిలినవి రెండు. ఒకటి బియ్యపుగింజంత నల్లముక్క. చిప్పు నిద్రపోతుంటే ఇదీ దాదాపు నిద్రపోతుంది, సెల్లు నెలలకొద్దీ ఉంటుంది. కానీ ఫోన్ కలిసే క్షణంలో సిమ్ భాగం సెల్లును ఒక్కసారిగా పీలుస్తుంది. అప్పుడు సెల్లు ఇచ్చేది కిందికి జారితే ఈ ముక్క దాన్ని పైకి ఎత్తలేదు. చిప్పు తడబడి మళ్లీ మొదటికొస్తుంది. రెండోది చుట్ట చుట్టిన తీగ పక్కన పెట్టుకుని పనిచేసే రకం. సెల్లు ఎంత దిగినా తను ఎత్తి ఇస్తుంది, ఫోన్ కలిసి తీరుతుంది. కాకపోతే నిద్రలో కూడా తాగుతుంది. సెల్లు తొందరగా మార్చాలి. వానల్లో మా తండా దారిలో వాగు పొంగితే వారాల తరబడి ఎవరూ రాలేరు.

ఈ రెండిటి మధ్య సంతోష్ ఇరుక్కుపోయాడు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అవే రెండు ముక్కలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాడు. నాకు చెప్పేవాడు. నేను వినేదాన్ని. వినడం తప్ప నాకేమీ చేతకాలేదు. ఒకటి మేలని ఎట్లా చెప్పను? ఛందస్సు చెప్పుకునేదాన్ని.

షాలేమ్‌రాజుకు సందేహం లేదు. నేనొకసారి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి షాపుకు వెళ్తే ఆ గొడవే నడుస్తోంది.

"తీగచుట్ట ఉన్నదే పెట్టు తమ్మీ" అంటున్నాడాయన, స్టార్టర్ బోర్డు మీద నుంచి తలెత్తకుండా. "పిలిచే టైంకు గొంతు పోయేటోన్ని కాపలా పెట్టుకుంటవా?"

"కాపలావోడు తినీ తినీ పిలిచే టైంకు సచ్చిపోతే ఏం చెయ్యాలన్నా?"

"వారం వారం పోయి అన్నం పెట్టు. మీ బాపును సూసినట్టు గూడ అయితది. ఆదివారం నన్ను చర్చికి దింపి పో."

"వాగు పొంగితే?"

"వాగు పొంగితే మోషేను పిలుద్దాం, నీళ్లను పాయలు చేస్తడు" అన్నాడు షాలేమ్‌రాజు. తర్వాత నవ్వు ఆపి, "నిజంగ చెప్తున్న. రెండిట్ల ఏది పెట్టినా ఒకటి పోతది. ఏది పోతే తట్టుకుంటవో సూస్కో" అన్నాడు.

ఏది పోయినా తట్టుకోలేమన్న సంగతి ముగ్గురికీ తెలుసు.

ఆ వారం తండాకు వెళ్లినప్పుడు సంతోష్ ఆ రెండు ముక్కలనూ బాపు మంచం మీద, దుప్పటి సర్ది పెట్టాడు. బాపు వంగి చూశాడు. నల్లముక్క కనపడక వేలితో తడిమాడు.

"గింత దానికా నువ్వు నిద్ర పోతలేవని మీ అక్క చెప్పింది?"

సంతోష్ రెండిటి గుణాలూ చెప్పాడు. ఒకటి నిద్రలో తాగదు, పిలిచేటప్పుడు తడబడొచ్చు. ఒకటి పిలిచేటప్పుడు నిలబడుతుంది, నిద్రలో కూడా తాగుతుంది. బాపు కళ్లు మూసుకుని విన్నాడు. పడుకున్నాడేమో అనుకున్నాం.

"నేను అడవిల తిరిగినన్ని రోజులు టార్చి ఎందుకు వెలిగించలే?" అన్నాడు కళ్లు తెరవకుండానే. "దారి సూసుకోనీకి వెలిగిస్తే, దొంగను సూసేటప్పటికి సెల్లు ఉండదు. నాతోటి దస్రు ఉంటుండె. వాడు అడుగు అడుక్కు వెలిగిస్తుండె. పాము కాటేసిన్నాడు వాని టార్చిల వెలుగు లేదు. నిద్రల తాగనిది పెట్టు. మిగిలింది నువ్వు సూస్కో."

"పిలిచేటప్పుడు తడబడితే బాపు?"

"తడబడకుండ సెయ్యి. సదువుకున్నవ్ కద."

వాడు చేశాడు. నల్లముక్క పక్కన నీళ్లతొట్టిలాంటి ఒక పెద్ద కెపాసిటర్ పెట్టాడు. సిమ్ భాగం ఒక్కసారిగా పీల్చినప్పుడు ఆ కొద్ది క్షణాలు చిప్పుకు అందులోంచి అందుతుంది. బొమ్మ పూర్తిచేసి పంపాడు. బోర్డులు కొరియర్‌లో వచ్చాయి. ఆకుపచ్చగా, అరచేతిలో సగం ఉన్నాయి. ఒక మూల తెల్లని అక్షరాలతో 'పి.ఎస్.' అని అచ్చు వేయించాడు. బాపు పేరు.

తీసుకెళ్లి గోడకు బిగించిన రోజు బాపుకు ఒక్కటే నచ్చలేదు.

"దీనికి లైటు లేదేందిరా?"

"లైటు పెడితే, బోర్డంత కలిసి తాగేదానికన్నా ఆ లైటే ఎక్కువ తాగుతది బాపు. అందుకే తీసేసిన. రోజుకొక మెసేజ్ పంపేటట్టు చేద్దామనుకున్న. అది గూడ తాగుడే అని మానేసిన."

"మరి బతికున్నదని ఎట్ల తెల్వాలె?"

"కరెంటు పోతే తెలుస్తది."

బాపు దాని వైపు చూశాడు. "పాపం, చీకట్ల కూసున్నది" అన్నాడు.

పరీక్ష చేశాం. యాడిని తోటకు పంపి సంతోష్ మెయిన్ తీసేశాడు. నేను తోటలో యాడి పక్కనే ఉన్నాను. ఓణీ కొంగులో కట్టుకున్న ఫోన్ మోగింది. తెర మీద 'బాపు డబ్బా' అని వచ్చింది. ఎత్తితే అవతల ఏమీ ఉండదు, నిశ్శబ్దం. యాడి ఆ నిశ్శబ్దంతో "ఆ, వస్తున్న, వస్తున్న" అని చెప్పి పరిగెత్తింది. ఇంటికి వెళ్లేసరికి బాపు నవ్వీ నవ్వీ దగ్గుతున్నాడు.

"పెండ్లయిన కొత్తల పిలిస్తే గింత ఉరుకలే ఇది" అన్నాడు.

"అప్పుడు నీకు గింత తెలివైన డబ్బా లేకపాయె" అంది యాడి, సిలిండర్ తాళం తిప్పుతూ.

చాంది గుమ్మంలో నిలబడి, "మా ఆయనకు గూడ ఒకటి చెయ్యి సంతోషూ. కల్లు దుకాణంల కూసుంటే నాకు ఫోన్ రావాలె" అంది.

సెల్లు ఎట్లా తీయాలో ఎట్లా వేయాలో సంతోష్ బాపుకే నేర్పించాడు. మూతకు మేకు పెట్టకుండా రబ్బరు బ్యాండు వేశాడు. తను రాలేకపోతే మార్చుకోవడానికి ఇంకో నిండిన సెల్లు గూట్లో పెట్టాడు. "ఇది నీ డ్యూటీ బాపు. నేను చెప్పినప్పుడు మార్చాలె" అన్నాడు. డ్యూటీ అన్న మాటకు బాపు మంచం మీద కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

ఆ తర్వాత, మాకు తెలిసినంతలో, కరెంటు పోయినప్పుడల్లా డబ్బా పిలిచింది. యాడి పరిగెత్తింది. వానలు వచ్చాయి, వాగు పొంగింది, తగ్గింది. సంతోష్ వెళ్లినప్పుడల్లా సెల్లు తీసి మీటరు పెట్టి చూసేవాడు. ప్రతిసారీ వాడి ముఖం వెలిగిపోయేది.

"సూసినవా అక్కా, ఏం తాగలే. నేను లెక్క కట్టినదాని కన్నా తక్కువ తాగింది. గూట్ల సెల్లు మార్చే పనే పడలే. షాలేమన్నకు చెప్పాలె."

"నేను గూడ మంచిగ సూస్కుంటున్న కద" అనేవాడు బాపు, మంచం మీద నుంచి.

"అవ్ బాపు, నువ్వు సూస్కోబట్టే" అని సంతోష్ నవ్వేవాడు.

మళ్లీ మిరప ఏరే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఎక్కడో తీగ తెగి కరెంటు పోయింది. యాడి తోటకు ఆ చివర ఉంది. ఫోన్ మోగలేదు. మోగలేదు కాబట్టి కరెంటు ఉందనుకుంది. ఆ ధైర్యంతోనే, మిగిలిన సాలు కూడా ఏరి పోదామని ఉండిపోయింది. పొద్దు వాలాక వచ్చేసరికి బాపు కడపమీద కూర్చుని, తలుపుచెక్కకు ఆనుకుని ఉన్నాడు. ట్యూబు ముక్కుకు సరిగానే ఉంది. కూత పెట్టీ పెట్టీ మిషన్ ఊరుకుంది. యాడి పిలిచింది. భుజం పట్టి కదిపింది.

ఏడుపు విని తండా అంతా వచ్చింది. బాపును లోపల పడుకోబెట్టారు. అప్పుడు, అంతమంది మధ్యలో, యాడి కొంగులో ఫోన్ మోగింది. తెర మీద 'బాపు డబ్బా' అని ఉంది. యాడి ఎత్తింది. అలవాటు కొద్దీ "వస్తున్న" అంది.

అదే సమయానికి ఖమ్మంలో సంతోష్ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, కరెంటు పోయిందని. వాడు వెంటనే యాడికి ఫోన్ చేశాడు. చాంది ఎత్తి సంగతి చెప్పింది.

డబ్బా అంత ఆలస్యంగా ఎందుకు పిలిచిందో మాకు మూడోనాడు గానీ తెలియలేదు. ఆ మూడు రోజులూ సంతోష్ మనుషుల్లో లేడు. వచ్చినవాళ్లు పలకరిస్తే తల ఊపేవాడు. వీలు దొరికినప్పుడల్లా గోడ దగ్గరికి వెళ్లి, మిషన్ ఆపి డబ్బా పిలుస్తుందో లేదో చూసేవాడు. ప్రతిసారీ పిలిచింది. ఒక్కసారైనా తడబడితే బాగుండునని వాడు చూస్తున్నట్టు నాకనిపించింది.

"ఒక్కోసారి తడబడతదక్కా. వందసార్లు మంచిగనే చేసి ఒకసారి పోతది. ఆ ఒక్కసారి అదే అయి ఉంటది. అన్న చెప్పినట్టు తీగచుట్టది పెట్టాల్సుండె" అన్నాడు నాతో. ఊపిరితిత్తులు అట్లా అయిన మనిషి ఏ రోజైనా పోవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు కదా అన్నాను. కరెంటు పోక ముందే పోయాడేమో అన్నాను. నిజంగానే అది ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వాడికి ఏ మాత్రం ఉపయోగపడలేదు.

మూడోనాడు షాలేమ్‌రాజు ఖమ్మం నుంచి వచ్చాడు. యాడి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక మాట వేసే మనిషి, టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. యాడి తనంతట తనే ఆ రోజు సంగతి మొదట్నుంచి చెప్పింది.

"పొద్దున మంచిగనే ఉండె. జొన్నగటక తాగిండు. నేను తోటకు పోయేటప్పుడు సెల్లు తీసి ఎండల పెట్టుకుంటుండె."

సంతోష్ తల తిప్పాడు. "ఏ సెల్లు యాడీ?"

"నీ డబ్బా సెల్లే. రోజూ పెడ్తడు కద. ఎండ కడపమీదికి రాంగనే తీసి పెడ్తడు, ఎండ పోయినంక మళ్ల ఏస్తడు. ఒక్క రోజు తప్పలే. కొడుకు దీనికోసం గంత తిప్పలపడె, మనం గిదన్న సెయ్యకపోతే ఎట్ల అంటుండె." యాడి చాంది వైపు చూసింది. "ఆనాడు గూడ ఆయన పక్కనే ఉండె సెల్లు. పోరగాండ్లు ఎత్కపోతరని చాంది తీసి డబ్బాల ఏసింది."

"అవ్, నేనే ఏసిన" అంది చాంది. "అట్ల ఏసిన్నో లేదో ఫోన్ మోగింది."

అంతలో ఎవరో వచ్చి పిలిస్తే చాంది లేచి వెళ్లింది. నేను కడప వైపు చూశాను. అక్కడ ఇంకా ఆ గుడ్డపీలిక ఉంది.

సెల్లు ఎందుకు ఏమీ తాగనట్టు కనిపించిందో, రోజులో ఎంతసేపు డబ్బా గుండె లేకుండా గోడకు వేలాడిందో సంతోష్ ముఖంలో ఒక్కొక్కటే తెలుస్తున్నాయి. లైటు ఉంటే, తీసినప్పుడల్లా అది ఆరిపోవడం బాపుకు కనిపించేది. ఆ లైటును తీసేసింది వాడే. ఒక్కో చుక్కా దాచాలని బాపు ముందు కూర్చుని అన్ని రోజులు చెప్పిందీ వాడే.

యాడికి ఇదేమీ తట్టలేదు. సెల్లు ఎండలో పెట్టడం ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ చూస్తున్న పని. తప్పు అందులో ఉంటుందని ఎట్లా అనుకుంటుంది?

"మరి డబ్బా ఎందుకు గంత ఆలస్యంగ పిలిచింది బిడ్డా?" అని అడిగింది. నిందించడానికి కాదు. తెలుసుకోవడానికే అడిగింది.

సంతోష్ షాలేమ్‌రాజు వైపు ఒకసారి చూశాడు.

"అండ్ల ఒక ముక్క ఉంటది యాడీ. రెగ్యులేటర్. నేను మంచిది పెట్టలే. పిలిచే టైంకు తడబడ్డది."

యాడి షాలేమ్‌రాజును చూసింది. ఆయన తల ఊపాడు.

"అవ్ అమ్మా. నేను వేరేది పెట్టమన్న. ఇంకొంచెం గట్టిగ చెప్పాల్సుండె."

యాడి ఆలోచించింది. ఆమె మరచిపోయే మనిషి కాదు.

"నిద్రల తాగనిది పెట్టమని మీ బాపే కద చెప్పిండు. ఈ మంచం మీదనే. నేను ఆడ అన్నం వండుతున్న." ఆమె మంచం వైపు తిరిగింది. "అంటే ఆయన చెప్పింది పెట్టబట్టేనా?"

దాచిపెడదామనుకున్న తప్పు తిరిగి బాపు దగ్గరికే వచ్చి కూర్చుంది. ఆ క్షణంలో నేనేదో అని ఉండాల్సింది.

"లేదు యాడీ" అన్నాడు వాడు. "బాపు చెప్పింది పెట్టలే. తర్వాత ఖమ్మంల నేనే మార్చిన. బాపు చెప్పిందే పెట్టి ఉంటే పిలుస్తుండె."

యాడి వాడి వైపు చూసింది. కోపం వస్తుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె లేచి వచ్చి, చిన్నప్పుడు జుట్టు దువ్వినట్టు వాడి తల మీద చేయి వేసింది.

"పెద్దోళ్ల మాట ఇనాలె బిడ్డా" అంది. "పోనీ. ఏడ్వకు."

షాలేమ్‌రాజు టోపీ పెట్టుకుని బయటికి వెళ్లి, బండి దగ్గర నిలబడ్డాడు. నేను వెళ్తే, "ఆ నల్లముక్కల ఏ తప్పూ లేదు చెల్లె" అన్నాడు. "వాడు మంచిగనే ఎంచుకున్నడు. నేనైనా మీ ఊరి సంగతి తెలిస్తే అదే పెడ్తుంటి." బండి స్టార్ట్ చేశాడు.

ఆక్సిజన్ మిషన్‌ను ఇంకొకరికి ఇచ్చేశాం. డబ్బాను సంతోష్ గోడ మీద నుంచి తీయలేదు. తీస్తే యాడి ఎందుకని అడుగుతుంది. సెల్లు మాత్రం తీసి జేబులో వేసుకున్నాడు. గూట్లో ఉన్న రెండోదీ తీసుకున్నాడు.

యాడి ఇప్పుడు తండాలో ఒక్కతే ఉంటోంది. మాతో రమ్మంటే రాదు, తోట ఉందంటుంది. బాపు పాత టార్చి వాడుతుంది. సంతోష్ కొత్తది కొనిచ్చాడు. వైరు పెట్టి ఛార్జింగ్ చేసే రకం. దాన్ని అట్టడబ్బాలోంచి తీయకుండా పెట్టెలో దాచింది. పాతదే చేతికి అలవాటంటుంది.

మొన్న ఇద్దరం కలిసి వెళ్లాం. పొద్దు నడినెత్తికి వస్తోంది. కడపమీద గుడ్డపీలిక పరిచి ఉంది, దాని మీద టార్చి సెల్లు రెండు పక్కపక్కన ఎండలో ఉన్నాయి. లోపల నుంచి యాడి, "సెల్లున్నయి, సూస్కోని రాండ్రి" అంది. సంతోష్ చెప్పులు విడిచి ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత వాటి మీద తన నీడ పడకుండా పక్కకు జరిగి లోపలికి వెళ్లాడు.